ఒకటికీ ఏడుకీ మధ్య

బాసెల్‌లో, రైన్ నది వైపు కిటికీలు తెరుచుకునే అచ్చుగదిలో
ముప్ఫై ఏళ్లు ఆమెకి అక్షరాలు పేర్చినవాణ్ణి నేను.
పేరు యోస్ట్. దానికంత ప్రాముఖ్యం లేదు.
ఆమె ఊర్సినా ఐగెన్‌మన్.
ఆ పేరు మందుపెట్టెల మీద ఎక్కడా ఉండదు.

మొదటిసారి వచ్చినప్పుడు గొడుగు దులపకుండానే
పాత లేబుల్ ఒకటి బల్ల మీద పడేసింది:
అంచునిండా లతలు, మూలకో దేవదూత,
కింద సన్నగా, సిగ్గుపడుతున్నట్టు, చుక్కల లెక్క.
"ఇది ఒకటా, ఏడా?" అంది.
చూశాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను.
"రాత్రి రెండింటికి, దీపం తగ్గించిన వార్డులో
నర్సుకి నీకున్నంత తీరిక ఉండదు."

ఆ రోజునుంచి మా పని తీసెయ్యడమే.
దేవదూతలు పోయారు. లతలు పోయాయి.
బంగారు అంచు పోతుంటే కంపెనీ పెద్ద, హెర్ లుస్సీ,
ఇంట్లో సామాను వేలం వేస్తున్నట్టు మొహం పెట్టాడు.
"కాగితం మొత్తానికీ డబ్బిస్తున్నానే, సగం ఖాళీగా వదిలేస్తారేం?"
ఆమె విందో లేదో.
పట్టకారుతో ఒక గీతని వెంట్రుకవాసి జరిపి
"యోస్ట్, ఇంకాస్త తెలుపు," అంది.

తెలుపు అడిగితే సీసం ఇవ్వాలి.
చదివేవాళ్లకి తెలియదు గానీ
వాళ్లకి ఏమీ లేనట్టు కనిపించే ప్రతిచోటా
మా చట్రంలో బరువైన ముక్క ఒకటి కూచునుంటుంది.
ఆమె పనిలో అక్షరాలకన్నా ఖాళీయే ఎక్కువ తూగేది.
మోసి మోసి నా నడుం పట్టేసింది.

ఆమెది సాంక్ట్ గాలెన్.
తండ్రి ఎంబ్రాయిడరీ మిషన్లకి పూలు గీసే పనివాడు.
పారిస్ ఆడవాళ్ల మెడలచుట్టూ ఆయన తీగలు పాకేవట.
ఫ్యాషన్ మారింది. మిషన్లని సమ్మెటలతో పగలగొట్టి
ఇనుము తూకానికి అమ్మేశారు.
ఆయన మాత్రం ఆపలేదు. బిల్లుల వెనక,
రొట్టె చుట్టిన కాగితాల మీద,
ఆఖరికి కిటికీకి పట్టిన ఆవిరిలో వేలితో గులాబీలు.
ఇది ఒకేసారి చెప్పింది, స్టేషన్లో నిలబడి.
రైలు రాగానే వాక్యాన్ని సగంలో వదిలేసి ఎక్కేసింది.

తర్వాత పేరొచ్చింది. కుర్రాళ్లు వచ్చేవారు,
నల్ల స్వెట్టర్లూ, సూదిలా చెక్కిన పెన్సిళ్లూ.
మోతాదు తప్పి ఆమె తమ్ముడు చనిపోయాడనీ
అందుకే ఇంత పట్టుదలనీ వాళ్లలో ఎవరో కథ అల్లారు.
ఒకడు అడిగేశాడు కూడా.
"మా తమ్ముడు టూన్‌లో చీజ్ అమ్ముతున్నాడు.
వెళ్లి కొనుక్కో, బాగుంటుంది."

మరి ఎందుకు? నాకూ తెలియదు.
ఏడు నడుముకి అడ్డగీత ఉండాలా వద్దా అని
రెండు చలికాలాలు పోట్లాడుకున్నాం.
పెట్టాం, తీశాం, మళ్లీ పెట్టాం.
ఇదీ ఒక జీవితమేనా అంటే నా దగ్గర జవాబు లేదు.

చివర్లో కళ్లకి శుక్లాలు కమ్మాయి.
ఓ సాయంత్రం వెళితే చుక్కలమందు సీసా చేతికిచ్చి
"ఎన్ని?" అంది. ఆమె వేసిన లేబులే.
మూడు, అన్నాను.
"దూరంగా పట్టుకుని చదువు." మూడే.
"గుమ్మం దగ్గరికి వెళ్లి." మూడే.
అప్పుడు గానీ తల వెనక్కి వాల్చలేదు.

జారిన మందుని రుమాలుతో ఒత్తుకుంది.
రుమాలు అంచునిండా లతలు, పిట్టలు, చిల్లులు,
చిల్లుల మధ్య ఇంకో లత.
నేను చూడటం ఆమెకి కనపడదనుకున్నాను.
"ఉతకడం మహా కష్టం," అంది.

తన మరణవార్త తనే దిద్ది పెట్టుకుంది.
పేరు, ఊరు, రెండు సంవత్సరాలు;
రెండోదానికి చోటు మాత్రం.
ఆ చోటు ఫిబ్రవరిలో నా బల్ల మీదికొచ్చింది.
పంతొమ్మిది వందల డెబ్భై ఒకటి.
ఏడు, పక్కనే ఒకటి.
పేర్చి, సిరా పూసి, ఒక ప్రూఫ్ తీశాను.
ఏడు తన కాలు ఎడమకి లాక్కోవడంతో
రెండింటి మధ్య సందు నోరు తెరుచుకునుంది.

షాపులో అప్పటికే అందరూ ఫిల్ముకి మారిపోయారు.
పాత ఆకురాయి సొరుగులో దొరికింది.
ఒకటిని పక్కనుంచి అరగదీశాను. ప్రూఫ్ తీశాను.
మళ్లీ అరగదీశాను.
చీకటి పడింది. లైటు వెయ్యకుండానే
గుమ్మం దాకా వెళ్లి, అక్కణ్ణుంచి చదివాను.